అబ్బాయి గదికి ఇనుప తలుపు

“ఆ దొంగ మళ్ళీ వస్తాడా, రాడా? నాకు ఆ ఒక్కటీ తేల్చి చెప్పండి, చాలు.”

టీచరమ్మ గొంతులో ఏడుపు లేదు. ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పిన గొంతు అది. జవాబు కావాలంటోంది, అంతే. చేతిలోని కప్పులో కాఫీ మాత్రం తాగకుండానే చల్లారిపోయింది.

“వస్తాడని తేలితే?” అడిగింది డిటెక్టివ్.

“సేఫ్ రూమ్ కట్టించుకుంటాం. ఈయన ఇప్పటికే ఆ కంపెనీ వాళ్ళకి మాటిచ్చేశారు. రేపు పొద్దున్నే పనివాళ్ళు దిగుతారు.”

“రాడని తేలితే?”

“అప్పుడు మా అబ్బాయి గది జోలికి ఎవరూ వెళ్ళరు.”

కప్పు బల్ల మీద పెట్టేసింది ఆవిడ. ఈ ఇంటి కొడుకు కారు ప్రమాదంలో పోయి ఏడాది కావస్తోంది. కారు నడిపిన అతని భార్య బతికి బయటపడింది, ఇప్పుడు ఈ ఇంట్లో ఉండటం లేదు. సేఫ్ రూమ్ కట్టడానికి ఇంటి మొత్తంలో పనికొచ్చేది మేడ మీద ఉన్న అతని గదొక్కటే. పెద్ద పడగ్గదికీ సామాన్ల గదికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. బయటి గోడ లేదు, కిటికీ లేదు. నాలుగు వైపులా ఇనుప రేకులు బిగించి, లోపల్నుంచి గడియపడే తలుపు పెడితే, ఎవరొచ్చినా లోపల దాక్కోవచ్చు. కాకపోతే ముందు మంచం తీసేయాలి, బీరువా తీసేయాలి, గోడ మీద బొమ్మలు తీసేయాలి. కొడుకు అక్కడ ఉండేవాడనడానికి గుర్తన్నది మిగలకూడదు.

“ఆ రాత్రి సంగతి మళ్ళీ చెప్పండి. మొదటినుంచీ.”

“మొన్న ఆదివారం రాత్రి. చప్పుడుకి మెలకువొచ్చింది. పక్కన చూస్తే ఈయన లేరు. వెనక మెట్ల వైపు ఏదో దబ్బుమని పడింది. నేను గుమ్మం దాకా వెళ్ళానో లేదో, ఈయన కేక పెట్టారు. ‘బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకో! నేను పిలిచేదాకా బయటికి రాకు!’ అని.”

“వెళ్ళారా?”

“వెళ్ళక! తడినేల మీద చతికిలబడి కూర్చున్నాను. ఫోనైనా తీసుకెళ్ళలేదు. కాసేపటికి కారు వెళ్ళిన చప్పుడైంది. ఈయన్ని చంపేసి కారు కూడా ఎత్తుకుపోతున్నారనుకున్నాను.” ఆవిడ నవ్వబోయింది, నవ్వు రాలేదు. “తెల్లారుతుంటే వచ్చి తలుపు కొట్టారు. పొడుగాటి మగాడు, గోడ దూకి పారిపోయాడు, నేను స్టేషన్‌కెళ్ళి చెప్పి వచ్చాను, అన్నారు. మర్నాడే వెనక తలుపు తాళం మార్పించారు.”

“ఏం పోయింది?”

“ఏమీ పోలేదు. భయం అందుకే కదండీ. వస్తువుల కోసం రాకపోతే మరి దేనికొచ్చినట్టు?”

డిటెక్టివ్‌కి వేరే సంగతి గుచ్చుకుంది. పెళ్ళాం ప్రాణానికి భయపడ్డవాడు ఆమెని బాత్రూంలో ఒంటరిగా వదిలి కారేసుకుని వెళ్తాడా? ఫోన్ ఇంట్లోనే ఉంది కదా.

“అబ్బాయి గదిలో ఏమున్నాయి?”

“వాడి బట్టలు, పుస్తకాలు. చేపల తొట్టి. ఎండ తగిలితే నాచు పడుతుందని కిటికీ లేని గది ఏరికోరి తీసుకున్నాడు వెధవ.” ఆ తిట్టులో ఎంత ముద్దు ఉందో ఆవిడకే తెలిసినట్టు లేదు. “ఇప్పటికీ తొట్టిలో మోటారు చప్పుడు వినిపిస్తుంటుంది. తలుపు కింద నీలం వెలుగు కనిపిస్తుంది.”

“చేపల్ని ఎవరు చూసుకుంటున్నారు?”

“ఆయనే. నాకు చెప్పరు. నేనూ అడగను. ఆ గదిలో అడుగుపెట్టే గుండె ఆయనకుంది, నాకు లేదు. వాడు పోయాక నేను ఆ గడప దాటలేదు.”

మేడ మీదనుంచి ఇద్దరు దిగుతున్న చప్పుడైంది. ముందు ఇంటాయన. కళ్ళజోళ్ళ షాపు నడుపుతాడు, వీధిలో అందరూ ఆయన్ని అద్దాలాయన అనే పిలుస్తారు. వెనకాల సేఫ్ రూమ్ కంపెనీ మనిషి, చేతిలో టేపు, చెవి మీద పెన్సిలు.

“కొలతలు బ్రహ్మాండంగా కుదిరాయమ్మా,” అన్నాడు కంపెనీ మనిషి. “ఇద్దరు మనుషులు హాయిగా...”

“మీ కంపెనీ కాగితం వీళ్ళ గుమ్మంలో ఎప్పుడు పడింది?” డిటెక్టివ్ అడ్డుపడింది.

“సోమవారమండీ. ఈ వీధంతా పంచాం.”

“ఆదివారం రాత్రి దొంగ, సోమవారం పొద్దున మీ కాగితం. బాగుంది వరస.”

కంపెనీ మనిషి చెవి మీది పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నాడు. “మేడమ్, మేం తలుపులే అమ్ముతాం. దొంగల్ని సప్లై చెయ్యం. ఆదివారం రాత్రి నేను మా బావమరిది పెళ్ళిలో వడ్డిస్తున్నాను. వందమంది సాక్ష్యం చెబుతారు, అందులో సగం మంది నన్ను తిట్టుకుంటూనే చెబుతారు.”

“అతన్నెందుకమ్మా అంటావు?” అన్నాడు అద్దాలాయన. “పిలిచింది నేను. కట్టించుకునేది నేను. అసలు నిన్ను రమ్మన్నదెవరు?”

“నేను,” అంది టీచరమ్మ.

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ పక్కపక్క ఊళ్ళలో బతుకుతున్నట్టున్నారు అనుకుంది డిటెక్టివ్.

బయట జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్ లోపలికి వస్తూనే డిటెక్టివ్‌ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఒకప్పుడు ఆమె దగ్గర ట్రైనింగ్ అయినవాడే. ఆమె ఉద్యోగం వదిలేశాక స్టేషన్‌లో ఆమెకి ‘జలగ’ అని పేరు పెట్టింది కూడా అతనే.

“ఏం మేడమ్, డిపార్ట్‌మెంట్‌ని మీరు వదిలేసినా కేసులు మిమ్మల్ని వదలటం లేదన్నమాట.”

“నువ్వు సరిగ్గా చేస్తే నాకు పని ఉండదు కదా తమ్ముడూ.”

“తమ్ముడూ అనకండి. యూనిఫాంలో ఉన్నాను.”

“అందుకే గుర్తుపట్టాను. చెప్పు, ఎంతవరకొచ్చింది?”

“మీకెందుకు చెప్పాలి?” అన్నాడు గానీ, చెప్పకుండా ఉండలేకపోయాడు. “వెనక తలుపు తాళం పగల్లేదు. లోపలికి దర్జాగా తాళంచెవితో వచ్చాడు. అందుకే ఈయన మార్పించిన పాత తాళాన్ని తీసుకెళ్ళి స్టేషన్‌లో పెట్టాను. చెవి దొరికిన రోజున దొంగ దొరికినట్టే. చూశారా, మేమూ ఆలోచిస్తాం.”

“మెచ్చుకున్నాను. మరి ఇదాలోచించావా? దొంగ ఎన్నింటికొచ్చాడు?”

“రెండున్నర ప్రాంతం. ఈయనే చెప్పారు.”

“ఈయన స్టేషన్‌కి వచ్చింది?”

“నాలుగు దాటాక.”

“ఇక్కణ్ణుంచి స్టేషన్‌కి కారులో ఎంతసేపు?”

“పది నిమి...” ఇన్‌స్పెక్టర్ నోరు సగంలో ఆగింది. అద్దాలాయన వైపు చూశాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. “పెద్దవయసు మనిషి మేడమ్. భయంలో దారితప్పి ఉంటాడు. కొడుకు పోయినవాణ్ణి పట్టుకుని ఇదా అడిగేది? మీకు మనసన్నది ఎప్పుడూ లేదు.”

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. ఇంతలో ఇన్‌స్పెక్టర్ ఫోన్ మోగింది. “హాస్పిటల్ నుంచా? ఎవరు? ఏ తాళంచెవి?” అంటూ అతను జీపు వైపు గబగబా వెళ్ళిపోయాడు.

హాస్పిటల్ అన్న మాటకి అద్దాలాయన చేతిలోని కళ్ళజోడు జారి కిందపడింది.

“ఒకసారి అబ్బాయి గది చూపిస్తారా?” అంది డిటెక్టివ్.

“అక్కడేముంది చూడ్డానికి?”

“రేపు ఎలాగూ ఉండదు కదండీ. ఇవాళే చూడాలి.”

గది తలుపుకి తాళం లేదు. నెడితే చప్పుడు కాకుండా తెరుచుకుంది. ఇన్నాళ్ళు మూసి ఉన్న తలుపు కిర్రుమనాలి కదా అనుకుంది డిటెక్టివ్. కీలు మీద వేలు రాసి చూసింది. నూనె.

లోపల నీలం వెలుగు. తొట్టిలో పన్నెండో పదమూడో చిన్న చేపలు, ఎర్రవీ వెండివీ. కంపెనీ మనిషి నేల మీద సుద్దతో గీసిన గీతలు మంచం కిందనుంచి వెళ్ళి బీరువా దగ్గర ఆగాయి.

డిటెక్టివ్ గదిని తన పద్ధతిలో, గుమ్మం నుంచి కుడివైపుగా చూసుకుంటూ వెళ్ళింది. బీరువా మీద వేలి మందాన దుమ్ము. పుస్తకాల మీద దుమ్ము. బల్ల మీద దుమ్ము. తొట్టి అద్దం మాత్రం మెరుస్తోంది. లోపలివైపు నాచు మచ్చ కూడా లేదు. పక్కన బకెట్, నీళ్ళు తోడే సన్న గొట్టం, మడతపెట్టిన పాతగుడ్డ. మేత డబ్బా ఎత్తి అడుగున చూసింది. తయారైన తేదీ మూడు నెలల కిందటిది.

చనిపోయిన అబ్బాయి కొన్న డబ్బా కాదు.

మంచం దగ్గరికి వచ్చి వంగింది. దుప్పటి సర్ది ఉంది. దిండు మధ్యలో మాత్రం తల పెట్టినంత గుంట. గుంట మీద ఒక వెంట్రుక. వేళ్ళతో సాగదీస్తే మూరెడుంది. టీచరమ్మది తెల్లబడ్డ జుట్టు, ఇది నల్లటిది.

మళ్ళీ తొట్టి దగ్గరికి వెళ్ళింది. అద్దం అంత శుభ్రంగా ఉన్నా నీళ్ళు కొంచెం మసకగా ఉన్నాయి. అడుగున గులకరాళ్ళ మీద తినని మేత బూజులా పేరుకుంది. ఇన్నాళ్ళూ చిటికెడు కొలిచి వేసిన చెయ్యి వేరు. ఇప్పుడు గుప్పిట్లో తీసి విసిరేస్తున్న చెయ్యి వేరు.

గుమ్మం దగ్గరే నిలబడ్డ అద్దాలాయన వైపు తిరగకుండా అంది. “అయ్యో. రెండు చేపలు చచ్చిపోయాయండీ.”

“లేదే! పొద్దున బానే...”

ఆయన నోరు మూసుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

“పొద్దున చూశారన్నమాట. ఎప్పటినుంచి మేత వేస్తున్నారు?”

“వాడు పోయిన దగ్గర్నుంచీ.”

“అబద్ధం. సోమవారం నుంచి. అంతకుముందు ఎవరు వేశారు?”

అద్దాలాయన గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు. గోడకి చేరబడ్డాడు. “మా ఆవిడ వేస్తోందనుకున్నాను,” అన్నాడు చివరికి. “రాత్రిళ్ళు లేచి వస్తుందనుకున్నాను. నాకా ధైర్యం లేదు. అడిగితే ఏడుస్తుందని అడగలేదు.”

“ఆవిడ మీరు వేస్తున్నారనుకుంది. అడిగితే మీరు ఏడుస్తారని ఆవిడా అడగలేదు. మీరిద్దరూ ఒక్కసారి నోరు విప్పి ఒకరితో ఒకరు మాట్లాడి ఉంటే, మూడో మనిషి వస్తోందని ఎప్పుడో తెలిసేది.”

ఆయన తలెత్తలేదు.

“వెనక తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉండిపోయింది?” డిటెక్టివ్ గొంతు తగ్గింది. “కారు నడిపింది మీ కోడలు కదూ?”

“నువ్వు బతికి వాడెందుకు పోయాడని అడిగాను.” మాటలు ఆయన నోట్లోంచి రాళ్ళలా రాలుతున్నాయి. “అందరి ముందూ అడిగాను. తలుపు చూపించి పొమ్మన్నాను. ముందు తలుపు తాళంచెవి బల్ల మీద పెట్టి, ‘వెళ్ళొస్తాను మామయ్యా’ అంది. వెనక తలుపు సంగతి నాకు తోచలేదు. చేపల సంగతి అసలే తోచలేదు. తన ఇంటికి తనే దొంగలా వచ్చి, వాటికింత మేత వేసి, వాడి దిండు మీద కాసేపు తల పెట్టుకుని పోయేది. ఇన్ని నెలలూ.”

“ఆదివారం ఏం జరిగింది?”

“షాపు షట్టరు దించే ఇనుప కొక్కెం మంచం పక్కనే పెట్టుకుంటాను. చప్పుడైంది. మెట్ల మీద ఎవరో దిగుతున్నారు. ఎవరని కూడా అడగలేదమ్మా నేను. ముందు చెయ్యి లేచింది. ఆ తర్వాత టార్చి వేశాను.”

తొట్టి మోటారు గురగురమంటోంది. డిటెక్టివ్ వృత్తిలో ఒప్పుకోళ్ళు చాలా విన్నది. ప్రతిసారీ లోపల ఒక మూల గెలిచానన్న సంతోషం చిన్నగా వెలిగేది. ఇవాళ ఆ మూల చీకటిగానే ఉంది.

“కార్లో హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను. రోడ్డు పక్కన పడుంది, ఏదో బండి గుద్దినట్టుందని చెప్పాను. పేరు చెప్పలేదు. అక్కణ్ణుంచి స్టేషన్‌కి వెళ్ళి, లేని మగాణ్ణి ఒకణ్ణి కల్పించాను. రోజూ వెళ్ళి కిటికీలోంచి చూసి వస్తున్నాను. కళ్ళు తెరవలేదు.”

“మరి ఈ సేఫ్ రూమ్ ఎవరి కోసం? రావడానికి దొంగే లేడని మీకు తెలుసు కదా.”

“దొంగ కోసం కాదు.” ఆయన తన కుడిచేతి వైపు, అది ఎవరిదో అన్నట్టు చూశాడు. “నా కోసం. ఇకమీద రాత్రి చప్పుడైతే లోపలికెళ్ళి తలుపేసుకుంటాను. దొంగే రానీ, ఇల్లంతా దోచుకుపోనీ. చీకట్లో నా చెయ్యి ఇంకెవరి మీదా లేవకూడదు. ఈ ఇంట్లో కాపాడవలసింది ఎవరినైనా ఉంటే, నా నుంచే కాపాడాలి.”

“దానికి మీ అబ్బాయి గదే పోవాలా?”

“ఈ గదుంటే ఆ పిల్ల మళ్ళీ వస్తుంది. బతికితే.”

గుమ్మంలో గాజులు కదిలిన చప్పుడైంది. టీచరమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో అడగనక్కర్లేదు. మొహమే చెబుతోంది. ఇన్నాళ్ళూ దాటని గడప దాటింది. మొగుణ్ణి చూడలేదు. నేరుగా మంచం దగ్గరికెళ్ళి, దిండు మధ్య గుంటలో అరచెయ్యి ఆనించింది.

“ఆ రోజు మీరు పొమ్మన్నప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నాను,” అంది. “వెళ్ళొస్తాను అత్తయ్యా అని నా మొహంలోకి చూసింది. నేను తల తిప్పుకున్నాను. మీరు ఆదివారం కొట్టారు. నేను ఆ రోజే కొట్టాను.”

“ఒసేయ్...”

“మాట్లాడకండి. ఇంకేం మాట్లాడకండి.”

మెట్ల మీద బూట్లు టకటకమన్నాయి. ఇన్‌స్పెక్టర్ మొహం వెలిగిపోతోంది. వెనకాల కంపెనీ మనిషి కూడా తొంగి చూస్తున్నాడు.

“దొరికింది మేడమ్! మీ జలగ బుర్రకి తట్టనిది నా తాళానికి తట్టింది. ఆదివారం రాత్రి హాస్పిటల్లో ఒక ఆడమనిషి చేరింది. తలకి దెబ్బ. బట్టల్లో తాళంచెవి. ఇందాక మావాళ్ళు పాత తాళంలో పెట్టి తిప్పితే టక్కున తెరుచుకుంది. ఆవిడకి గంట కిందటే స్పృహ వచ్చిందట. అంతా ఒప్పేసుకుంది.”

“ఏమని?” డిటెక్టివ్ అడిగింది.

“దొంగతనానికి వెళ్ళాను, పారిపోతూ మెట్ల మీంచి జారిపడ్డాను, నన్నెవరూ కొట్టలేదు, అని. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ అదే మాట. నన్నెవరూ కొట్టలేదు. కొట్టారా అని అడక్కుండానే చెప్పడం ఏమిటో.”

అద్దాలాయన గోడ వెంబడి మెల్లగా జారి నేల మీద కూర్చున్నాడు.

“పేరు చెప్పదు. నా వాళ్ళెవరూ లేరంటుంది. ఇప్పుడొక తలనొప్పి. తలలో రక్తం గడ్డకట్టిందట, మళ్ళీ మగతలోకి పోతోందట. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి, బంధువుల సంతకం లేకపోతే ముట్టుకోం అంటున్నారు. దొంగకి బంధువుల్ని నేనెక్కణ్ణుంచి తెచ్చేది?”

డిటెక్టివ్ అద్దాలాయన పక్కన ముణుకుల మీద కూర్చుంది. ఆయనకి మాత్రమే వినపడేలా అంది. “ఆ అమ్మాయి మిమ్మల్ని పూర్తిగా కాపాడేసింది. మీరు కదలకపోతే ఎవరూ మిమ్మల్ని ఏమీ చెయ్యలేరు. నేను నోరు విప్పినా నా దగ్గరున్నది వెంట్రుకా, చేపల మేతా. అక్కడికెళ్ళి సంతకం పెట్టారో, ఆ రాత్రి తీసుకొచ్చింది మీరేనని డ్యూటీ నర్సు గుర్తుపడుతుంది. ఆ తర్వాతేమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.”

ఆయన విన్నాడో లేదో తెలియలేదు. టీచరమ్మ అప్పటికే కొంగు బిగించుకుని గుమ్మం దాటుతోంది.

“మీరెక్కడికమ్మా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“సంతకానికి.”

“దొంగకి మీరు సంతకం పెట్టడమేంటి?”

“ఇన్‌స్పెక్టర్ గారూ, ఆ తాళం మాది. మీ పనైపోయాక తెచ్చి మా వెనక తలుపుకి బిగించండి. దాని చెవి మా కోడలి దగ్గర ఉంటుంది. ఇప్పుడు మీ దగ్గరున్నది ఆ చెవే.” తర్వాత కంపెనీ మనిషి వైపు తిరిగింది. “నువ్వు ఆ సుద్దగీతలు తుడిచేసి వెళ్ళు నాయనా. రేపెవరూ రానక్కర్లేదు.”

ఇన్‌స్పెక్టర్ మొహంలో వెలుగు ఆరిపోయింది. ఒక్కొక్క ముక్కే అతుకుతోంది. చేతిలో ఫోన్ మళ్ళీ మోగుతోంది, అతను ఎత్తలేదు.

“కోడలా? మరి రోడ్డు పక్కన దొరికిందని ఆవిణ్ణి చేర్పించి, పేరు చెప్పకుండా వెళ్ళిపోయిన ముసలాయనెవరు?”

డిటెక్టివ్ అద్దాలాయన వైపు చూసింది. అది తను చెప్పవలసిన మాట కాదు.

అద్దాలాయన గోడ పట్టుకుని లేచాడు. జేబులో పెన్ను ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

“నేనే,” అన్నాడు. “కొట్టింది కూడా నేనే. దారిలో అంతా చెబుతాను, రాసుకుందురుగాని. ముందు జీపు తియ్యి నాయనా, అక్కడ మా అమ్మాయి ఒక్కతే ఉంది.”